ఐదేసి గుల్లలకు ఒకే గొట్టం

నాకు నోటి దురుసు ఎక్కువ. కమలాకుమారి మేడమ్ వస్తోందంటే ల్యాబ్‌లో కుర్చీలు సర్దుకుంటాయి. నోయిడాలోని ఈ ల్యాబ్‌లో పందొమ్మిదేళ్ళుగా చేపలకూ రొయ్యలకూ గుల్లలకూ వచ్చే జబ్బులు చూస్తున్నాను. ఇన్నేళ్ళలో ఎంతమందిని తిట్టానో లెక్కలేదు గానీ, రిపోర్టు మీద సంతకం పడకముందు ఫలితం మాత్రం ఎవరికీ చెప్పలేదు. మొదటిసారి ఫ్లోరాకు చెప్పాను.

ఫ్లోరా జనక్‌పురిలో ఉంటుంది. ఒక ఆసుపత్రిలో నర్సు. మా తెలుగు చర్చిలో ఆదివారాలు నా పక్కనే కూర్చుంటుంది. భర్త సాలొమోను కాకినాడ దిగువన ఒక ఉప్పుటేటి పాయలో గుల్లలు పెంచుతాడు. ఈ ఏడు వేరే రాష్ట్రం నుంచి గోరంత పిల్లగుల్లలు తెప్పించి తొట్లలో ఉంచాడు. పాయలో వదిలేముందు పరీక్ష చేయించాలని ముప్పై గుల్లలను ఐసుపెట్టెలో రైలెక్కించాడు. స్టేషన్ నుంచి ఆ పెట్టెను ఫ్లోరాయే మోసుకొచ్చింది. ఆ పాయ వాళ్ళొక్కరిదే కాదు. ముప్పై ఇళ్ళవాళ్ళు అందులో గుల్లలు ఏరుకుని బతుకుతారు. జబ్బున్న పిల్లగుల్లలు దిగితే అందరి నోటా మట్టే.

భయం పెర్కిన్సస్ అనే పరాన్నజీవి గురించి. మనిషినేమీ చేయదు. గుల్లను మాత్రం లోపల్నుంచి తినేస్తుంది. అందులో జాతులున్నాయి. అయోడిన్ వేసి చూస్తే అన్నీ ఒకేలా నల్లటి గుండ్లు కనిపిస్తాయి. ఏ జాతో తేలాలంటే డీఎన్‌ఏ చదవాలి. ఓల్సెని అని తేలితే సరుకు కదలకూడదు, ఏ పాయదో రాసి పైఅధికారులకు తెలియజేయాలి. బైహైయెన్సిస్ అయితే మా జాబితాలో లేదు, పాయలో వదలొచ్చు.

కిట్లు ఆదా అవుతాయని ఐదేసి గుల్లల మాంసం కలిపి ఒకే గొట్టంలో రుబ్బడం మా దగ్గర అలవాటు. ఆ అలవాటు పెట్టింది నేనే. ముప్పై గుల్లలు, ఆరు గొట్టాలు. బుధవారం ఆరూ బైహైయెన్సిస్ అనే వచ్చాయి. ఆ రోజు ఫ్లోరా డ్యూటీలోంచే మూడుసార్లు ఫోన్ చేసింది. మూడోసారి మనసాగక, "ఆ పాడుది కాదులే, నిశ్చింతగా ఉండు" అనేశాను. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అనలేదు పెద్దలు.

శుక్రవారం నేహా ఒక కాగితం తెచ్చింది. నా కింద పనిచేసే పిల్ల. మయూర్ విహార్‌లో పుట్టి పెరిగింది, తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు హిందీలోనే చెబుతుంది. రెండు గొట్టాల డీఎన్‌ఏ గీతల్లో, పెద్ద గీతల అడుగున చిన్న గీతలున్నాయంది. నాకు ఒళ్ళు మండింది. అది మురికి, ముందు గొట్టాలు శుభ్రంగా వాడటం నేర్చుకో అని అందరిలో దులిపేశాను. కాగితం నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళాక చూశాను. మురికి కాదు. ఒక జాతి బాగా ఎక్కువుండి, రెండోది కాస్తే ఉంటే, కలిపి రుబ్బినప్పుడు ఎక్కువున్నదే పేరు చెబుతుంది. దాచి ఉంచిన మిగతా మాంసంతో ముప్పై గుల్లలనూ విడివిడిగా పరీక్షకు పెట్టించాను. ఫలితం మంగళవారానికి వస్తుంది.

ఆదివారం ప్రార్థనలో ఫ్లోరా సాక్ష్యం చెప్పడానికి లేచింది. దేవుడు మొర ఆలకించాడని, పిల్లగుల్లల్లో ఆ జబ్బు లేదని, రేపు పోటు మీద సాలొమోను పాయలో వదులుతున్నాడని చెప్పి ఏడ్చేసింది. అందరూ స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను. తర్వాత ఆమె తెచ్చిచ్చిన టీ కూడా తాగాను. మంగళవారం దాకా ఆగమని ఒక్క మాట చెప్పాలి. చెప్పలేదు. ఉత్త అనుమానమే కదా, ఇంకా ఆపితే పిల్లలు తొట్లలోనే చస్తాయి కదా అని సర్దిచెప్పుకున్నాను. అదేం కాదు. పందొమ్మిదేళ్ళ అనుభవం ఒక చిన్నపిల్ల కాగితం ముందు చిన్నబోతుందని సిగ్గు. నా బతుకులో అంత నీచమైన పని ఇంకోటి చేయలేదు.

మంగళవారం మధ్యాహ్నం ముప్పైలో నాలుగింటిలో ఓల్సెని వచ్చింది. నేహా ఒకటికి రెండుసార్లు అంకెలు చదివి, మొట్టమొదటిసారి నాతో తెలుగులో మాట్లాడింది. "వాళ్ళకి చెప్పండి మేడమ్" అంది.

ఫోన్‌లో చెప్పే మాట కాదు. రిపోర్టు సంచిలో పెట్టుకుని మెట్రో ఎక్కి జనక్‌పురి వెళ్ళాను. ఫ్లోరా అప్పుడే డ్యూటీ దిగింది, ఇంకా యూనిఫామ్‌లోనే ఉంది. గుమ్మంలోనే చెప్పేశాను. మంచం మీద కూలబడి, ఎప్పట్నుంచి తెలుసని అడిగింది. శుక్రవారం నుంచి అనుమానమని చెప్పాను.

"మా వార్డులో ల్యాబ్ వాళ్ళకి అనుమానం వస్తే ముందు మాకు ఫోన్ చేస్తారక్కా" అంది నెమ్మదిగా. "మేం మందు ఆపేస్తాం. ఆ తర్వాతే మళ్ళీ పరీక్ష."

అరిచినా బాగుండేది. అరవలేదు. సాలొమోనుకు ఫోన్ కలిపి నా చేతికిచ్చింది. మొత్తం చెప్పాను. తిరిగి ఏరే వీలుందా అని తనే అడిగి, గోరంత పిల్లలు, బురదలో దిగిపోయుంటాయి, ఎక్కడ ఏరతామని తనే జవాబు చెప్పుకున్నాడు. అప్పుడే ఇంకో మాట చెప్పాడు.

"దేవుడు చల్లగా చూశాడని పిల్లల్లో పదో వంతు దశమభాగంగా తీసేశానక్కగారండి. అవతలి పాయలో లలితకుమారి గారోళ్ళున్నారు గదండీ, మగదిక్కు లేని ఆడోళ్ళు పదకొండు మంది. మాకొద్దులే బాబూ అన్నా వినకుండా వాళ్ళ మడుల్లో తలో బుట్టెడు నేనే చల్లొచ్చానండి."

ఫ్లోరా నా చేతిలోంచి ఫోన్ తీసుకుని ఆపేసింది. సంచిలోంచి బయటికి కనబడుతున్న రిపోర్టు లాగి, చివరి పేజీ దాకా చదివి, పెన్నుతో సహా నా ఒళ్ళో పెట్టింది.

"ఇందులో ఒక్క పాయే ఉందక్కా" అంది. "రెండోదాని పేరు చెబుతాను, రాయండి."