గోడ అవతలి ఇస్తాంబుల్

కౌసర్ కుటుంబం ఇస్తాంబుల్ వెళ్లిపోయిందని కల్వకుర్తిలో వాళ్ల వీధి వీధంతా నమ్మింది. నమ్మక చస్తుందా! దావత్ ఇచ్చారు, మంచాలూ గిన్నెలూ పంచిపెట్టారు, కారెక్కేముందు కౌసర్ ఆడవాళ్లందరినీ కావలించుకుని కళ్లొత్తుకుంది. ఆమె భర్త ఫహీంకి అక్కడ హోటల్లో వంటమాస్టరు పని దొరికింది మరి. వందల ఏళ్ల నాటి మసీదులు, సుల్తానుల కోటలు, సముద్రం అంటూ నెలపాటు వీధిని ఊదరగొట్టింది.

తీరా ఎయిర్‌పోర్టు చేరాక విమానం రద్దయింది. మళ్లీ వచ్చే వారమే అన్నారు.

"అప్పుడే తిరిగొచ్చినవా అని అందరు నవ్వితే నా ఇజ్జత్ ఏం గావాలె?" అని కౌసర్ మొండికేసింది. నెలాఖరు దాకా కిరాయి కట్టిన ఇల్లు ఉండనే ఉంది. తెల్లారకముందే వచ్చి, ముందు తలుపుకు వేసిన తాళం అలాగే ఉంచి, పెరటి తలుపులోంచి దొంగల్లా దూరారు. కూతురు హఫ్సాను గట్టిగా నవ్వనివ్వలేదు, గెంతనివ్వలేదు. ఉత్త గచ్చు మీద పడుకుని బిస్కెట్లతో కడుపు నింపుకుంటూ, పరువు దక్కిందని మాత్రం కౌసర్ తెగ మురిసిపోయింది.

ఒక పొద్దున పక్కింటి భద్రమ్మ ఫోన్ చేసింది.

"మంచిగ చేరిండ్రా బిడ్డా? ఎట్లుంది ఊరు?"

"మస్తుందవ్వా. కిటికీ తెరిస్తే సముద్రమే," అంది కౌసర్ గొంతు తగ్గించి. మూసిన కిటికీ పక్కన ఆమెకు చెమటలు కారిపోతున్నాయి.

సరిగ్గా అప్పుడే వీధిలో బండి మైకు మోగింది. "పాత ఇనుము, ప్లాస్టిక్ సామాన్లు కొంటాం!"

"గదేంది, తెలుగు ఇనొస్తాంది?"

"మనోళ్లు ఏడ లేరవ్వా! గీడ గూడ దందా పెట్టిండ్రు."

ఫహీం నోట్లో తువ్వాలు కుక్కుకున్నాడు.

"అట్లనా," అంది భద్రమ్మ తాపీగా. "సరె గని, జొన్నరొట్టెలు, పుంటికూర పప్పు చేసిన. పెరట్ల గోడ మీద పెట్టిన. పిల్లి ముట్టకముందే తీస్కపో."

కౌసర్ పెరటి తలుపు తీసింది. పెరట్లోకి వెళ్తే గోడ మీద గిన్నె, దాని వెనక భద్రమ్మ తల. ఫోన్ ఇంకా ఆమె చెవి దగ్గరే ఉంది.

"ఎప్పటిసంది ఎరుకవ్వా?"

"మీరొచ్చిన పొద్దే. మీ నీళ్ల మోటరు సప్పుడు నాకు ఎరుకలేదా?" భద్రమ్మ నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. "ఎట్లయినా పోయెటోళ్లు. విమానం వారం దాక లేదని మీరనుకుంటుంటే గోడ ఇవతలికి ఇనొచ్చింది. దేవుడు నాకు ఇంకో వారం ఇచ్చిండనుకున్న బిడ్డా. అండ్ల సగం నువ్వు తలుపులేసుకొని కూసున్నవ్."

కౌసర్‌కు సిగ్గూ దుఃఖమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. ఇంట్లోకి తిరిగి, వీధి వీధంతా వినపడేలా కేకేసింది.

"ఏమయ్యో, పోయి ముందు తలుపు తాళం తియ్యి! అవ్వ వస్తాంది!"