క్యాబేజీ మీదే పడిన దెబ్బ

అమెరికాలో వెర్మాంట్ కొండల్లోని మా చిన్న ఊళ్లో నెలకో శనివారం పొద్దున ప్రథమ చికిత్స తరగతి నడిపేది నేనే. ఇరవై రెండేళ్లుగా నడుపుతున్నాను. ఎవరిని ఏ జంతువు కరిచినా ముందు ఈ ఎర్విన్ పెల్కీ మాటలే గుర్తొస్తాయని నాకు లోలోపల మహా గొప్ప. ప్రతిసారీ బల్ల మీద ఒక క్యాబేజీని, మా కోళ్ల మీద పడే రకూన్ అనే అడవి జంతువు తలగా పెట్టి, "కరిచిన రకూన్‌ను చంపక తప్పకపోతే తల జోలికి మాత్రం పోకండి. రేబిస్ ఉందో లేదో చూసేది దాని మెదడులోనే" అని చెబుతాను. తరగతి అయ్యాక ఆ క్యాబేజీతో నా భార్య డోరీన్ సూప్ కాస్తుంది.

మొన్న గురువారం పట్టపగలు మా కోళ్లగూడు దగ్గర రాత్రిపూట తిరగాల్సిన రకూన్ ఒకటి తూలుతూ తిరుగుతోంది. అలాంటిది కనిపిస్తే దూరంగా ఉండి ఫోన్ చేయాలి. ఇదీ నా పాఠమే. నేను మాత్రం "ఫో, ఫో" అంటూ కాలితో నెట్టబోయి, జారిపడి, కుడిచెయ్యి దాని నోటికి అందించాను. నాలుగు పళ్లు దిగాయి. ఒళ్లు మండి పార అందుకుని ఒక్కటిచ్చాను. ఎక్కడనుకున్నారు? సరిగ్గా క్యాబేజీ మీదే. ఇక పరీక్షించడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. కొట్టం వెనక గొయ్యి తీసి పాతిపెట్టాను.

సబ్బుతో, ధార కింద పదిహేను నిమిషాలు కడగాలని ఊరందరి చేతా వల్లె వేయించినవాణ్ణి. రెండు నిమిషాలు కాకముందే లోపలి నుంచి డోరీన్ గొంతు వినిపించింది.

"ఏమిటయ్యా ఆ నీళ్లు అలా పారబోస్తున్నావ్?"

"గుడ్లు కడుగుతున్నాను" అని కుళాయి కట్టేశాను. చేతికి గుడ్డ చుట్టుకుని, కంచె తీగ గీసుకుందన్నాను.

కాటు పడితే ఊరి ఆరోగ్య అధికారికి చెప్పాలి. మా ఊళ్లో ఆ అధికారి గొర్రెలు పెంచే లూసిల్ థిబో. పదేళ్లుగా నా తరగతిలో మొదటి వరసలో కూర్చునే మనిషి. ఆమెకు ఏ ముఖం పెట్టుకుని చెప్పను? శుక్రవారమంతా ఊరకే ఉన్నాను. రేబిస్ లక్షణాలు కనబడ్డాక ఇక మందు లేదని నాకు తెలుసు. గుటక వేసిన ప్రతిసారీ గొంతు పట్టేసిందేమోనని హడలిపోయాను. అయినా నోరు విప్పలేదు. పరువు అలాంటిది.

శనివారం తరగతిలో క్యాబేజీని ఎడమచేత్తో ఎత్తాను. లూసిల్ కళ్లు నా కుడిచేతి మీద పడ్డాయి.

"ఆ చేతికేమైంది?"

"కంచె తీగ."

"మీ కంచెకి పళ్లున్నాయా? విప్పు చూద్దాం."

విప్పాను. పైన రెండు గాట్లు, కింద రెండు.

"కరిచినదాని తల ఏది?" అంది లూసిల్.

నేను చేతిలోని క్యాబేజీ వైపు చూశాను. ఆమెకు అర్థమైపోయింది.

"ఓరి నీ పాఠం తగలెయ్య! పద, కారెక్కు."

ఆసుపత్రి గోడ మీద ఒక బొమ్మ ఉంది. అందులో నవ్వుతూ నిలబడింది నేనే. కింద పెద్ద అక్షరాలతో 'కాటును దాచకండి' అని ఉంది. నర్సు ఆ బొమ్మను చూసి, నన్ను చూసి, మర్యాదగా తల దించుకుని చేతి తొడుగులు వేసుకుంది. గాయాన్ని మళ్లీ కడిగి, దాని చుట్టూ సూదులు పొడిచి, భుజానికి టీకా వేసింది. ఇంకా మూడుసార్లు రావాలట. "ఇప్పటికైనా వచ్చారు, మంచిపని చేశారు మాస్టారూ" అంది. సూదుల కంటే ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది.

లూసిల్ ఫోన్ చేసినట్టుంది, డోరీన్ వచ్చింది. తిడుతుందనుకున్నాను. కోటు కూడా విప్పకుండా నా పక్కన కూర్చుంది.

"ముందు ఇంట్లోవాళ్లకి చెప్పండని ఊరంతటికీ చెబుతావు కదా. ఇంట్లో ఉన్నది నేనే కదయ్యా."

నా దగ్గర పాఠాలన్నీ అయిపోయాయి. "చచ్చిపోతానేమోనని భయమేసింది డోరీన్. చెబితే నువ్వు నవ్వుతావని ఇంకా భయమేసింది."

"నవ్వనా మరి?" అంటూ నా కుడిచేతిని ఒళ్లోకి తీసుకుంది. "ముందు నువ్వు బతుకు. తర్వాత తీరిగ్గా నవ్వుతాను."