ముందే చేరిన నీడ

పొద్దున్నే ఆర్డెల్లా స్టాటన్ తన ఇంటి దగ్గర కారు స్టార్ట్ చేసేసరికి, దాని నీడ ఊళ్లో బర్డీ హోటల్ ముందు ఆగి ఉండేది. బర్డీ కిటికీలోంచి ఆ నీడను చూసి రెండు గుడ్లు పెనం మీద కొట్టేది. అవి వేగేలోపు కారు వచ్చేది. వెస్ట్ వర్జీనియా కొండల్లోని ఆ ఊరికి ఇందులో వింతేం లేదు. ఆర్డెల్లా తండ్రి నడిపిన రోజుల్లోనూ ఆ నీడ కారుకన్నా రెండడుగులు ముందే పోయేది. ఇప్పుడు ఎడం బాగా పెరిగిందంటే, ఇంజను మారింది కదా మరి.

అది అరవై నాలుగు నాటి షెవర్లే బిస్కేన్. తండ్రి పోయాక పాకలో కోళ్లు అందులో గుడ్లు పెట్టుకుంటుంటే, స్కూలు బస్సు నడిపి రిటైరైన ఆర్డెల్లా దాన్ని బయటికి లాగి, తన తీరికంతా దానికే ధారపోసింది. పైకి ఏమీ మార్చలేదు. అదే మీగడ రంగు, అవే సాదా చక్రాలు. ఆదివారం చర్చికి పోయే ముసలమ్మల బండిలా ఉంటుంది. బానెట్ కింద మాత్రం గుద్దుకుని మూలపడ్డ ఓ కొత్త స్పోర్ట్స్ కారు ఇంజను, చక్రాల చాటున కొత్త బ్రేకులు, ఎంత మలుపులోనైనా బండిని ఒరగనివ్వని స్ప్రింగులు.

పాతకార్ల సంఘం పెద్ద హోబర్ట్ రాట్లిఫ్‌కు ఈ వ్యవహారం గిట్టలేదు. సెప్టెంబరు ప్రదర్శనలో బానెట్ ఎత్తి చూసి మొహం మాడ్చుకున్నాడు.

"వరసలోంచి తీసెయ్ ఆర్డెల్లా. మీ నాన్న బండిని పాడుచేసి పెట్టావు."

"మా నాన్న ఈ ఇంజను చూస్తే తనే నడిపేవాడు, నాకు తాళాలిచ్చేవాడే కాదు."

"పైకొకటి, లోపలొకటీనా? దీన్ని మోసమంటారు."

"టోపీ కింద బట్టతల దాచుకున్నవాడివి, నువ్వు చెప్పాలి ఆ మాట!"

చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లున నవ్వారు. ఆర్డెల్లా మడతకుర్చీ తెచ్చి కారు ముందు వేసుకుని కూచుంది. కదల్లేదు.

మధ్యాహ్నం నిమ్మరసం అమ్ముతున్న బర్డీ కూతురు టాన్సీ బల్ల పట్టుకుని అలాగే కూలబడింది. కడుపుతో ఉంది, ఇంకా నెలలు నిండలేదు. గౌను రక్తంతో తడిసిపోతోంది. ఊళ్లో కాన్పుల వార్డు మూసేసి చాలాకాలమైంది. ఆసుపత్రి కొండకు అవతల. అంబులెన్స్ ఎక్కడో దూరాన ఉందట.

"అంబులెన్స్ వచ్చేదాకా ఆగుదాం," అన్నాడు హోబర్ట్. "ఆ ఘాట్ రోడ్డులో ఈ పిల్లతో ఎవరు పోగలరు?"

"నువ్వాగు, మేం పోతాం," అంది ఆర్డెల్లా.

బర్డీ కూతుర్ని వెనక సీట్లో పడుకోబెట్టి, తల ఒళ్లో పెట్టుకుంది. మొదటి మలుపుకే టాన్సీ ఏడుపందుకుంది.

"పిన్నీ, భయమేస్తోంది."

"భయపడు. కళ్లు మాత్రం మూయకు. తిట్టాలనిపిస్తే హోబర్ట్‌ని తిట్టు."

బొగ్గు లారీలు ఒక్కొక్కటే వెనకబడ్డాయి. సైరన్ మోగించుకుంటూ షెరీఫు దగ్గరి పోలీసు వెర్లిన్ తగులుకున్నాడు.

"ఆపమంటున్నాడు!" అంది బర్డీ.

"వాణ్ని చిన్నప్పుడు నేనే బస్సులో బడికి తీసుకెళ్లాను. నా వెనక రావడం వాడికి అలవాటే."

కొండకు అవతల, ఆసుపత్రి గుమ్మం దగ్గర ఓ నర్సు నిలబడి రొట్టె తింటోంది. కారు లేకుండా ఓ కారు నీడ వచ్చి ఆమె కాళ్ల ముందు ఆగింది. నీడలో వెనక సీటు మీద, మోకాళ్లు ముడుచుకుని పడుకున్న గర్భిణి నీడ. నర్సు రొట్టె పారేసి లోపలికి పరుగెత్తింది. ఇంటికి బయల్దేరిన డాక్టరమ్మను మెట్ల మీదే ఆపింది, ఆపరేషన్ గది తెరిపించింది, రక్తం తెప్పించింది. బిస్కేన్ వచ్చి ఆగేసరికి స్ట్రెచర్ గుమ్మంలో ఉంది.

ఆడపిల్ల. గుప్పెడంత ఉంది గానీ, ఏడుపు మాత్రం వరండా చివరిదాకా వినబడింది. తల్లి కూడా దక్కింది. వాళ్లు వచ్చాక ఇవన్నీ మొదలుపెట్టి ఉంటే ఇద్దరిలో ఒక్కరూ మిగిలేవారు కాదని డాక్టరమ్మ బర్డీకి చెప్పింది.

ఆర్డెల్లా బయటికొచ్చేసరికి వెర్లిన్ వచ్చి కాచుకుని ఉన్నాడు. అతని కారు బానెట్ లోంచి పొగలు.

"తల్లీపిల్లా బాగున్నారా పిన్నీ?"

"బాగున్నారు. చలానా రాయి."

అతను తల గోక్కున్నాడు. "ఏ స్పీడని రాయను? రెండో మలుపులోనే కంటికి కనబడకుండా పోయావు. యాభై అయిదు మైళ్లని రాసేస్తాలే."

"యాభై అయిదా? ఊళ్లో తెలిస్తే నా పరువేం కాను! తిన్నని రోడ్డు మీద నూట ముప్పై పోయాను. అదే రాయి."

"లైసెన్సు పోతుంది పిన్నీ."

"పోతే ఎందుకు పోయిందో జడ్జి ముందు నేను చెబుతాను. నీ అబద్ధం వల్ల మాత్రం మిగలక్కర్లేదు."

వెర్లిన్ నిట్టూర్చి కాగితం బిస్కేన్ బానెట్ మీద పెట్టుకున్నాడు. బానెట్ ఇంకా వేడిగా ఉంది. ఆర్డెల్లా అతని భుజం మీదుగా వంగి చూసింది.

"ఆ సున్నా సరిగ్గా చుట్టు," అంది. "పదమూడనుకుంటారు."