చెట్టుపాము గది

తాళంచెవితో తలుపు మీద రెండుసార్లు తట్టి, గాజులోంచి పాము ఏ కొమ్మ మీదుందో చూసుకుని గానీ ఆయన గడియ ముట్టుకోడు. జంతుశాలలో ఇరవై ఏళ్లుగా పాములను చూసుకునే ఆయన్ని అందరూ బాబాయ్ అనే పిలుస్తారు.

ఈ గదిలోది చెట్టుపాము. చిటికెన వేలంత లావు, నాలుగడుగుల పొడవు, రాగిరంగు వీపు. విషం లేదు గానీ, కన్నార్పితే పక్క కొమ్మ మీద ఉంటుంది. కోపమొస్తే మెడ ఉబ్బి, పొలుసుల మధ్య నీలం తొంగిచూస్తుంది. గుడ్డులోంచి వచ్చిన నాటినుంచీ ఆరేళ్లు సాకాడు. "మన పెళ్లిరోజు గుర్తుండదు గానీ, అది కుబుసం విడిచే రోజు మాత్రం నోటికొచ్చు" అని భార్య దెప్పేది. అయినా ఆ పాము ఒక్కనాడూ ఆయన చేతి కప్పను ముట్టలేదు. పెట్టి వెనుదిరిగాకే తినేది.

నిన్నగాక మొన్న వచ్చిన సహాయకురాలు పట్టకారుతో కప్పను చాపితే మాత్రం చరచరా దిగివచ్చి అందుకుంది. చూడవచ్చిన జనం చప్పట్లు కొట్టారు. ఆయన కడుపు భగ్గుమంది. మూడు నెలలైనా ఆ మంట ఆరలేదు.

ఈవేళ పాము కళ్లకు పాలపొర కమ్మింది. కుబుసం విడవబోయే ముందు కొన్ని రోజులు దానికి చూపు సరిగా ఆనదు, ఆకు కదిలినా బెదురుతుంది. అప్పుడు గడియకు ఎర్రగుడ్డ కట్టడం ఆయన పెట్టిన కట్టుబాటు. గుడ్డ ఉంటే ఎవరూ తలుపు తీయరు. ఆయన గుడ్డ బయటికి తీశాడు, మడిచాడు, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఒక్క కాటు పడితే ఆ పిల్ల గొప్ప దిగుతుంది అనుకున్నాడు.

"టీ తాగారా బాబాయ్?" అంటూ వచ్చింది ఆమె.

"తాగాన్లే. నీ పని కానియ్."

ఆమె తలుపు తీసి పట్టకారు చాపింది. పాము ఉలిక్కిపడి ఆమె చేతి మీదికి దూకింది. భుజం దాటి, నడవ దాటి, తెరిచిన కిటికీలోంచి బయటి చెట్లలోకి పోయింది. ఇద్దరూ కిటికీ దగ్గరికి చేరేసరికి ఒక్క ఆకూ కదలడం లేదు.

"గుడ్డ కట్టి ఉందా?" అని అడిగాడు సంగతి తెలిసి వచ్చిన జంతుశాల అధికారి.

"లేదు సార్. అయినా కళ్లు నేను చూసుకోవాల్సింది. తప్పు నాదే" అంది ఆమె.

అధికారి ఆయన వైపు తిరిగాడు. "పొద్దున కళ్లు బాగానే ఉన్నాయి సార్" అన్నాడాయన. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, చెయ్యి దానంతటదే జేబు మీదికి పోయింది. ఎవరూ గమనించలేదు.

ఆమెను పనిలోంచి తీసేశారు. సాయంత్రం సంచీతో వచ్చి నిలబడింది. "వెళ్లొస్తాను బాబాయ్. చెప్తే నవ్వుతారేమో, పోతూ పోతూ నా చెయ్యంతా పాకింది. ఎంత తేలిగ్గా ఉందో!"

ఆమె ఉద్యోగం పోయింది, ఆరేళ్ల పెంపకం పోయింది. ఆయనకు మాత్రం ఆ చెయ్యిని చూస్తే ఓర్వలేనితనమే పొంగుకొచ్చింది. తనను అది ఏనాడైనా తాకిందా? నిజం చెప్పేద్దామనుకుంటూనే, ఆమె గేటు దాటేవరకూ జేబులోని గుడ్డ మీంచి చెయ్యి తీయలేదు.

పాము గది దగ్గరికి తిరిగొచ్చాడు. బల్ల మీద ఆమె అప్పగించి వెళ్లిన ఖాకీ చొక్కా ఉంది. కుడిచేతి పొడవునా, మణికట్టు నుంచి భుజం దాకా, బెదిరిన పాము వదిలిన ఘాటైన వాసన ఇంకా పోలేదు.