ఒక్క రాయి ఓటు

మా వెంకట్రాములు వకీలు జగిత్యాల కోర్టుల నల్లకోటు ఏసిన మనిషి. ఊళ్లె దొర మీద సర్పంచికి నిలవడ్డడు, ఓడిండు. ఆ తర్వాత దొరకు భయపడి ఒక్కడు గూడ ఆయనకు కేసియ్యలే. ఆఖరికి మా లెక్కనే గల్ఫుల ఫుజైరా రాళ్ల క్వారీకొచ్చి సుత్తె పట్టిండు. క్యాంపుల అందరం "సర్పంచ్ సాబ్" అని ఎక్కిరిచ్చేటోళ్లం.

"ఓడినా సర్పంచునే, దండం పెట్టుండ్రి" అని నవ్వేటోడు.

ఎనభై రెండు ఎండకాలం. పట్టపగలు బండ కొట్టుకుంట మా క్యాంపు లచ్చన్న కుప్పకూలిండు, మళ్ల లేవలే. పీనుగను ఇంక ఎత్తనేలేదు, మా ముదీర్, అదే క్వారీ మేనేజరు, "యల్లా, యల్లా, పని చూడుండ్రి" అనవట్టె. థూ, వాని బతుకు పాడుగాను! మిట్టమధ్యాహ్నం పని ఆపి నీడకు కూసుంటమని అందరం పోయి అడిగినం.

"గుంపుతోని మాట్లాడ. ఒక్కన్ని పంపుండ్రి" అన్నడు.

అట్ల మాట్లాడపోయినోని వీసా ఖలాసని అందరికి ఎరుకే.

"నేను పోత" అన్నడు వకీలు. "కానీ ఓట్లేసి పంపుండ్రి."

"ఓట్లెందుకే? అందరం ఒప్పుకుంటిమి గదా" అన్న.

"ఏకగ్రీవమా? అది దొరల ముచ్చట, భోజన్నా. పోటీ లేంది గెలుపు గెలుపే కాదు. నా మీద నువ్వు నిలవడు."

"నేనా! నాకు మాట్లాడొస్తదా?"

"ఓడిపోయేటోనికి మాటలెందుకురా?"

శుక్రవారం పొద్దుగాల రెండు ఖాళీ నెయ్యి డబ్బాలు పెట్టినం. మనిషికో రాయి. వకీలు డబ్బా నిండి పొర్లింది. నా దాంట్ల ఒక్కటే రాయి! నా రాయి గూడ నేను ఆయనకే ఏస్తి, మరి ఇదెవలిది? చూస్తే వకీలు మీసాలల్ల నవ్వుతుండు.

"ఏందే, నాకేసినవా?"

"పనికొచ్చే మనిషికేసిన" అన్నడు.

తెల్లారి ఆ రాళ్ల డబ్బా చంకల పెట్టుకొని ముదీర్ ముంగట నిలవడ్డడు. "వీళ్లు నన్ను ఎన్నుకున్నరు. మిట్టమధ్యాహ్నం మేం పని చెయ్యం" అన్నడు. ముదీర్ డబ్బాను తన్నిండు. సాయంత్రానికే వకీలును జీపెక్కించిండ్రు, ఇంటికి పంపనీకి. నాకు ఏడుపాగలే. ఆయన మాత్రం తలకాయ బయటపెట్టి ఒర్లిండు.

"ఈసారి గెలిచిన, భోజన్నా!"

మర్నాడు పొద్దు నెత్తిమీదికొచ్చింది. నేను సుత్తె కింద పెట్టిన. నా ఎనుక ఒక్కొక్కలే పెట్టిండ్రు. అందరం నీడకు పోయి కూసున్నం. ముదీర్ ఉరికొచ్చిండు.

"మీ లీడర్ ఖలాస్! ఇంక ఎవని మాట ఇంటున్నరు?"

నేను లేచి, నా డబ్బా తెచ్చి ముదీర్ ముంగట ఊపిన. లోపల రాయి టంగుమన్నది.

"నా మాట" అన్న. "నాకు గూడ ఓటు పడ్డది సాబ్. వకీలు సాబ్ ఓటు."