దోనెకు కుడివైపు ఏది?

ఏసుబాబు తాడేపల్లిగూడెం దగ్గర ఒక మెట్ట ఊళ్లో పుట్టినవాడు. మోకాలు దాటిన నీళ్లంటే అతనికి గుండె దడ. అలాంటివాణ్ణి ఏలూరు మిషన్ దొరగారు ఏరికోరి కొల్లేటి మధ్యనున్న కొంగలలంకకు వాక్యం చెప్పే ఉపదేశిగా వేశారు.

రెండేళ్లు గడిచాయి. లంకవాళ్లు మహా మర్యాదస్తులు. ఎదురుపడితే దణ్ణం పెట్టేవారు. జ్వరమొస్తే ప్రార్థన చేయించుకునేవారు. పెద్దింటమ్మ జాతరకు పిలిచి, నీడన కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చేవారు. వాక్యం వినేది మాత్రం అతని భార్య కనకరత్నం ఒక్కతే. ఆవిడ కూడా వింటూ బియ్యంలో రాళ్లు ఏరుకునేది.

1936 శ్రావణంలో ఒక ఆదివారం పెద్ద వాన పట్టుకుంది. వారం రోజులుగా చేపలు పడక దిగులుగా ఉన్న జాలర్లంతా రేవు పక్కనున్న ప్రార్థన పాకలో తలదాచుకున్నారు. ఏసుబాబు ఆ అదను వదల్లేదు. ప్రభువు సమాధిలోంచి లేచాక ఒక తెల్లవారుజామున ఒడ్డున నిలబడ్డాడనీ, రాత్రంతా శ్రమపడి ఒక్క చేపా దొరకని శిష్యులతో వల దోనెకు కుడివైపు వేయమన్నాడనీ, వేస్తే నూట యాభై మూడు పెద్ద చేపలు పడ్డాయనీ చెప్పాడు.

లంక పెద్ద ముత్యాలరాజు నోట్లోంచి చుట్ట తీశాడు.

"ఎవరు లెక్కపెట్టారండీ?"

చచ్చి లేవడం ఎలాగని అడుగుతారనుకున్న ఏసుబాబు తడబడ్డాడు. "శిష్యులేనండీ. ఏడుగురు."

ముత్యాలరాజు వేళ్లు ముడిచి, తెరిచి చూసుకున్నాడు. "తలా ఇరవయ్యొకటి పోను ఆరు మిగులుతాయి. ఆ ఆరూ ఎవరు తీసుకున్నారో రాసి లేదా అండీ?"

"లేదండీ."

"గొడవపడి ఉంటారు పాపం," అన్నాడు అతని తమ్ముడు బంగార్రాజు జాలిగా. వాన వెలిసింది. అందరూ లేచి వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున్నే బంగార్రాజు వేరే దారి లేక వలను కుడివైపు విసిరాడు. జెల్లలూ వాలుగలూ వల పిగిలేటట్టు పడ్డాయి. పక్క దోనెలో ఎడమవైపు విసిరిన ముత్యాలరాజుకు నాచు వచ్చింది. మూడోనాటికి లంకలోని నలభై దోనెలూ కుడివైపే వల వేస్తున్నాయి.

నాలుగోనాడు తగువొచ్చింది. కొల్లేటి దోనెకు రెండు కొసలూ ఒకేలా ఉంటాయి. తోసే గెడ పట్టుకుని ఎటు నిలబడితే అటు వెనక. ఎదురెదురుగా వస్తున్న రెండు దోనెల్లో ఇద్దరూ తమ కుడివైపే వేశామన్నారు. ఒకరి కుడి రెండోవారికి తప్పుగా కనిపించింది. ఒకడైతే మధ్యాహ్నం దోనెలోనే వెనక్కి తిరిగి నిలబడి, పొద్దుటి ఎడమను కుడి చేసేశాడు. అది దొంగతనమన్నారు కొందరు. గెడలు లేచాయి.

సాయంత్రం అందరూ ఏసుబాబు గుమ్మం ముందు చేరారు.

"మాట తెచ్చింది తమరు. తీర్పూ తమరే చెప్పాలండీ," అన్నాడు ముత్యాలరాజు.

"అది మాట వినడం గురించండీ. అసలు అర్థం వైపుల్లో లేదు," అన్నాడు ఏసుబాబు.

"మేం వింటున్నాం కదండీ. ఎటో చెప్పమంటున్నాం."

తెల్లారేసరికి తీర్పు లంకవాళ్లే చేసుకున్నారు. ఉపదేశి గారి కుడిచెయ్యి కుడి కాదనడానికి ఎవరికీ నోరు రాదు కనుక, ఆయన్ని సరస్సు నడుమ ఒక దోనెలో ముక్కాలిపీట మీద తూర్పు ముఖంగా కూర్చోబెట్టాలి. ఆయన చెయ్యి ఎటు చాపితే అటే కుడి.

ఏసుబాబు ఒప్పుకున్నాడు. ఎందుకంటే వల వేసే ముందు నలభై దోనెలూ అతని చుట్టూ చేరి, అతను చదివే వాక్యం కదలకుండా వినేవి. రెండేళ్లుగా ఏడ్చి ప్రార్థించినా రానంత జనం. ఎడంచేత్తో దోనె అంచు పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, కుడిచెయ్యి చాపి గంటలకొద్దీ కూర్చునేవాడు. చెయ్యి వాలితే "ఉపదేశి గారండీ, కుడి పోయిందండీ!" అని నాలుగు దిక్కులనుంచీ కేకలొచ్చేవి. కనకరత్నం రోజూ భుజానికి ఆముదం రాసేది.

నెలరోజులకు దొరగారు తనిఖీకి పడవ మీద వచ్చారు.

"ఉపదేశి గారూ, మీరు ఏమి చేయుచున్నారు?"

"కుడివైపు చూపిస్తున్నానండీ."

"ఎవరికి?"

"అందరికీనండీ."

దొరగారి ముఖం ఎర్రబడింది. ఇది మంత్రం కాదనీ, విధేయతే ముఖ్యమనీ గట్టిగా చెప్పారు. ముత్యాలరాజు తన దోనెను పడవ పక్కకు తెచ్చి, వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"చిత్తం దొరగారూ. ఒక్క సందేహం అండీ. ఆయన ఒడ్డున వీళ్లవైపు తిరిగి నిలబడ్డాడు కదా. కుడి అంటే ఆయన కుడా, వీళ్ల కుడా?"

దొరగారు పెట్టెలోంచి గ్రీకు భాషలోని మూల సువార్త తీశారు. ఎండ నడినెత్తికి వచ్చేదాకా చదివారు. చివరికి కళ్లజోడు తీసి, "అది వ్రాయబడలేదు," అన్నారు.

"అయితే చూసేద్దామండీ," అన్నాడు బంగార్రాజు. నలభై వలలూ ఒక్కసారిగా ఎడమవైపు పడ్డాయి. ఎడమవైపూ చేపలు అంతే పడ్డాయి.

"రెండువైపులా ఆయనవేనన్నమాట!" అన్నాడు బంగార్రాజు. దొరగారు ఆ మాటను తన చిన్న పుస్తకంలో రాసుకోవడం ఏసుబాబు చూశాడు.

మర్నాటినుంచి అతన్ని ఎవరూ పిలవలేదు. ముక్కాలిపీట ఇల్లు చేరింది. ఆదివారం పాకలో మళ్లీ కనకరత్నమూ, బియ్యం చేటా. నీళ్లమీద కూర్చునే గండం తప్పిందని సంతోషించాలో, జనం పోయారని ఏడవాలో అతనికి తెలియలేదు.

అప్పుడు వరహాలమ్మ వచ్చింది. మొగుడు గాలివానలో పోయాక ఎండుచేపలు అమ్ముకుని బతుకుతూ, చేపల కోసం దోనెల్లో వెళ్లి వాక్యం విన్న మనిషి. గంప గుమ్మంలో దించి అడిగింది.

"ఆ శిష్యులు వల లాగాక ఏమైందండీ? అది ఎవరూ అడగలేదు."

"ఒడ్డుకు వచ్చారమ్మా. అప్పటికే ఆయన నిప్పులు రాజేసి, చేపలు కాల్చి, రొట్టెలు పెట్టి ఉంచాడు. రండి, తినండి అన్నాడు."

"ఆయనే కాల్చాడా? చేత్తో?"

"ఆయనేనమ్మా."

"ఆయన్ని పట్టుకుపోయినప్పుడు వీళ్లంతా పారిపోయారని మొన్న దోనెలో చదివారు కదండీ. తిట్టలేదా?"

"తిట్టలేదమ్మా. ముందు తినమన్నాడు."

వరహాలమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. తర్వాత కాస్త కోపంగా అంది: "ఇంత మాట దగ్గరుంచుకుని, నెల్లాళ్లు చెయ్యి చాపుకుని కూర్చున్నారా బాబూ?"

కనకరత్నం చేట పక్కన పెట్టి, ఆమెకు చోటిస్తూ జరిగింది.