నాలుగో నంబరు కోటు

అక్క వస్తుందని ముందే తెలిసుంటే నేను ఆ ఆదివారం కొట్టుకు వెళ్లేవాణ్ణి కాదు.

పాప ఫోన్‌లో ఆ మాట చెప్పలేదు. పాపంటే మా యజమాని పెద్దాయన కూతురు. యాభై దాటినా మాకు పాపే. "కొట్టు అమ్మేశాం బాబాయ్. నాన్న ఎలాగూ లేడు. తాళాలిచ్చేసేలోగా పాతవాళ్లందరం ఒకసారి కూర్చుందాం. తలా నాలుగు మంచి జ్ఞాపకాలు చెప్పాలి. నువ్వొస్తే నవ్వించి చంపుతావు," అంది. సరేనన్నాను. నాలుగు సంగతులు కాగితం మీద రాసుకుని, నున్నగా గడ్డం గీసుకుని, పదకొండింటికల్లా చేరాను.

మెట్ల దగ్గరే అక్క ఎదురైంది. తోడబుట్టిన అక్క కాదు, కొట్లో నా పక్క మిషను మీద పనిచేసిన ఆవిడ. డెబ్భై దాటిన మనిషి. జుట్టంతా తెల్లబడింది, నడక మాత్రం అదే.

"ఏరా ఎక్స్‌ప్రెస్, ఇంకా పరుగులేనా?"

"కాళ్లరిగిపోయాయక్కా. ఇప్పుడు ప్యాసింజరే."

నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి, "పాప పాత ఖాతాదార్లనూ పిలిచింది, ఆ లెక్కల మాస్టారు కూడా వస్తున్నారట. ఆయన కోసమే వచ్చాను. ముప్ఫై అయిదేళ్లు మొహం చాటేశాను. ఒక్కసారి ఎదురుగా నిలబడి క్షమించమని అడగాలి. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు అడుగుతాను?" అంది.

అక్క క్షమాపణ చెప్పుకోబోతున్న తప్పు అక్కది కాదు. నాది. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు.

కొండలెక్కేవాళ్లకూ అడవుల్లో తిరిగేవాళ్లకూ విడిగా బట్టలుంటాయని మా ఊళ్లో ఎవరికీ తెలియని రోజుల్లో పెద్దాయన ఆ కొట్టు పెట్టాడు. "కొండెక్కడానికి కాళ్లు చాలవూ, కోటు కూడా కావాలా?" అని ఎదురుగా ఉన్న చెప్పుల కొట్టాయన ఎగతాళి చేసేవాడు. ముందు గదిలో అమ్మకం, వెనక గదిలో ఆరు కుట్టుమిషన్లు, ఆ వెనక పెరడు. కొత్త రకం వానకోటు తయారైతే పెద్దాయన దాన్ని తనే తొడుక్కుని, లోపల దినపత్రిక మడిచి పెట్టుకుని, పెరట్లో పైపు కింద స్టూలేసుకుని కూర్చునేవాడు. పావుగంట తర్వాత పేపరు తీసి ఒక వార్త పైకి చదివేవాడు. అక్షరం చెదరకపోతే కోటు పాసైనట్టు. ఒకసారి సగం చదివి ఆగిపోయాడు. "మంత్రిగారు ఏమన్నారో కోటు మింగేసింది. విప్పి మళ్లీ కుట్టండి," అన్నాడు. మైనం పట్టించిన గుడ్డ వాసన, ఇస్త్రీపెట్టె ఆవిరి, ఆరు మిషన్ల మోత. అంత సుఖంగా నేను మరెక్కడా పని చెయ్యలేదు.

ఆయన పెట్టిన నియమం ఒక్కటే. కోటు పూర్తిచేసినవాళ్లే లోపలి వైపు కుట్లన్నిటి మీదా నీళ్లు దిగకుండా వేడి ఇస్త్రీతో పట్టీ అంటించాలి, తడిపి చూడాలి, అప్పుడే తమ నంబరున్న గుడ్డముక్క జేబులో కుట్టాలి. నాది ఆరు. అక్కది నాలుగు. నంబరు పడిందంటే ఆ కోటుకు ఆ మనిషిదే పూచీ. అక్క నంబరున్న కోటు ఒక్కటీ వెనక్కి రాలేదు. నాకు పని నేర్పింది కూడా ఆవిడే. మా ఇద్దరి కుట్టూ పక్కపక్కన పెడితే తేడా పెద్దాయన కూడా పట్టలేకపోయేవాడు.

ఆ రోజు కొండలెక్కే క్లబ్బుకు డజను వానకోట్లు ఇవ్వాలి. తెల్లారితే వాళ్ల ప్రయాణం. సాయంత్రం అయిదున్నరకు పదకొండు అయ్యాయి. అందులో సగం అక్కవే. పన్నెండోది నా చేతిలో ఉంది. ఆరింటికి బస్టాండులో ఒకమ్మాయి నాకోసం ఎదురుచూస్తానంది. తర్వాత ఆ అమ్మాయే మా ఆవిడయింది గానీ, అప్పటికింకా అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. టోపీని మెడకు కలిపే కుట్టు ఒక్కటే మిగిలింది. దానికి పట్టీ అంటించి, చల్లారనిచ్చి, తడిపి చూడాలంటే ముప్పావుగంట. ఒక్క కుట్టుతో కొంప మునుగుతుందా అనుకున్నాను. తీరా నంబరు కుడదామంటే నా నంబరు ముక్కల డబ్బా ఖాళీ. పక్కనే అక్క డబ్బా ఉంది, అక్క ఇంటికెళ్లిపోయింది. అందులోంచి ఒక ముక్క తీసి కుట్టేసి పరుగెత్తాను. పొద్దున్నే వచ్చి సరిచేద్దామనుకున్నాను. పొద్దున నేను వచ్చేసరికి కోట్లు వెళ్లిపోయాయి.

మూడు వారాలకు ఆ ఒక్క కోటు తిరిగొచ్చింది. అది వేసుకున్న లెక్కల మాస్టారు కొండ మీద మంచువానలో చిక్కుకుని, ఎడమచేతి వేళ్లు రెండు పోగొట్టుకున్నారని తెచ్చినవాడు చెప్పాడు. పెద్దాయన టోపీ తిరగేశాడు. పట్టీ లేదు. జేబు తిరగేశాడు. నాలుగు.

నేను మూడడుగుల దూరంలో ఉన్నాను. నోరు విప్పితే ఉద్యోగం పోతుంది, పెళ్లి మాట అక్కడితో సరి. అక్క ఎలాగూ తనది కాదంటుంది, అప్పుడు చూసుకుందాంలే అనుకున్నాను. అక్క ఆ కోటును ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"నంబరు నాదైతే తప్పూ నాదేనండీ. ఎలా మర్చిపోయానో నాకే అంతుపట్టడం లేదు," అంది.

పెద్దాయన పొమ్మనలేదు. అక్కే వెళ్లిపోయింది. మళ్లీ మిషను ముందు కూర్చోలేదని విన్నాను. విన్న ప్రతిసారీ రేపు వెళ్లి చెప్దామనుకున్నాను. ఆ రేపు ముప్ఫై అయిదేళ్లు సాగింది.

ఆ ఆదివారం కొట్టు లోపల ఇరవై మంది దాకా ఉన్నారు. మాస్టారు కిటికీ పక్కన కూర్చున్నారు, ఎడమచెయ్యి జేబులో. అక్క ఆయన వైపే చూస్తోంది. పాప నన్ను ముందుకు నెట్టింది. "బాబాయ్‌తో మొదలెడదాం."

కాగితం తీశాను. పేపరు సంగతి చెప్పాను, అందరూ పగలబడి నవ్వారు. చెప్పుల కొట్టాయన సంగతి మొదలుపెట్టాను. అప్పుడు అక్క కుర్చీలోంచి లేచింది. గోడవారగా మాస్టారి వైపు నడుస్తోంది. పది అడుగులు. ఎనిమిది. చేతులు జోడించడానికి కాబోలు, సంచీ భుజానికి ఎక్కించుకుంది.

"అక్కా, ఆగు," అన్నాను. "ఆ కోటు నాది."

మళ్లీ నవ్వారు. ఇదీ జోకే అనుకున్నారు. ఆ నవ్వు ఆగేదాకా నిలబడి, అంతా చెప్పాను. బస్టాండు, మిగిలిపోయిన కుట్టు, డబ్బాలోంచి తీసిన ముక్క. ఏదీ తగ్గించలేదు.

మొదట మాట్లాడింది మాస్టారు. జేబులోంచి చెయ్యి తీసి చూసుకున్నారు.

"నా వేళ్లు కోటు వల్ల పోయాయని మీకెవరు చెప్పారండీ? స్టవ్వు వెలిగిద్దామని చేతితొడుగులు తీసి బండ మీద పెట్టాను. గాలికి లోయలోకి పోయాయి. వేళ్లు పోయింది అందుకు. టోపీ కారిన మాట నిజం. మెడ తడిసింది, నాలుగు రోజులు జలుబు చేసింది. క్లబ్బువాళ్లు వెనక్కి ఇచ్చేస్తామంటే ఇచ్చేశాను. ఇంత గొడవ జరిగిందని నాకెవరూ చెప్పలేదు."

పాప కళ్లు తుడుచుకుంది. "అయితే ఎవరి తప్పూ లేదన్నమాట. పోనీలే బాబాయ్," అంది. గదిలో అందరూ తేలికపడ్డారు.

నేను మాత్రం తేలికపడలేదు. ఇన్నేళ్లూ మాస్టారి వేళ్లు నా మెడకు చుట్టుకున్నాయనుకున్నాను. అవి విడిపోయాక, నేను పాడుచేసింది అక్క బతుకొక్కటే అని తేలింది.

అక్క నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"టోపీ కుట్టొక్కటేనా?"

"ఒక్కటే."

"ఆ కోటు నేను ముట్టుకోనేలేదా?"

"లేదక్కా."

"మా ఆయన పోయేదాకా అదే అన్నాడు," అంది. గొంతు పెంచలేదు. "నువ్వు మర్చిపోయే రకం కాదే, ఎవడో నీ నంబరు వాడి ఉంటాడు అని. ఎవరో చెప్పమంటే నీ పేరే చెప్పాడు. ఆ అబ్బాయి అలాంటివాడు కాదని దెబ్బలాడాను. పది రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన పోయి ఆరేళ్లయింది."

"అక్కా, నన్ను క్షమించు."

"క్షమించమని ఎలా అడగాలో వారం రోజులు అద్దం ముందు నిలబడి నేర్చుకున్నానురా. క్షమించడం ఎలాగో నేర్చుకుని రాలేదు."

సంచీలోంచి ఫోన్ తీసింది. కళ్లజోడు లేక రెండుసార్లు తప్పు నొక్కి, మూడోసారి సరిగ్గా నొక్కి, నా చేతిలో పెట్టింది.

"మా అమ్మాయి. వాళ్ల నాన్న పక్షానే ఉండేది ఎప్పుడూ. నాన్న అన్నది నిజమేనని నువ్వే చెప్పు. ఇప్పుడు చెప్పినట్టే, మొత్తం."

అటునుంచి "చెప్పమ్మా" అంది ఒక గొంతు.

నేను అమ్మను కాదని చెప్పి, మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టాను.